బాపు నేర్పని రంపం

మొగుణ్ణి చూసి కుళ్లుకునే ఆడది ఉంటుందా అంటే, ఉంది, నేనే. వరంగల్‌లో మా బాపుది తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి షెడ్డు. సెల్‌ఫోన్ల దుకాణం మూతపడ్డాక మా ఆయన అక్కడే పనికి చేరాడు. చేరిన వారానికే బాపు కరెంటుతో తిరిగే గుండ్రటి రంపం అతని చేతిలో పెట్టాడు. మేమంతా దాన్ని కటింగ్ మిషన్ అంటాం. చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులో చెక్కల మీద గీతలు గీసింది నేను, పొట్టు ఊడ్చింది నేను. మిషన్ మీద చెయ్యి వేస్తే మాత్రం వేళ్లు పోతాయని బాపు కసిరేవాడు. అల్లుడి వేళ్లేమైనా ఇనుపవా?

బాపు పక్కన నిలబడి అతనికి ఓపిగ్గా నేర్పుతుంటే నా కడుపు మండేది. బ్లేడు చెక్క కిందికి ఒక రంపపు పన్నంత దిగితే చాలట. పూర్తి వేగం అందుకున్నాకే చెక్కకు ఆనించాలట. మిషన్ వెనక కాదు, పక్కకు నిలబడాలట. ఇవన్నీ నాకెప్పుడో తెలుసు, ఎవరూ చెప్పకుండానే. అతను వాటిలో సగం మరిచిపోయేవాడు. అయినా ఒక్క కోత తిన్నగా వస్తే చాలు, బాపు వీపు తట్టి "కొడుకా" అనేవాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టుకు ఎలా ఉంటుందో నన్నడగండి. ఆ రోజుల్లో అతని కంచంలో కూర ముక్కలు తక్కువే పడేవి.

ఒకరోజు పరకాల వాళ్ల తలుపుల పని నడుస్తోంది. బాపు గేటు దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను చాయ్ తీసుకొని వెళ్లాను. మా ఆయన పొడవాటి టేకు చెక్కను రెండు బల్లల మీద, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి ఆనేలా పెట్టి, సరిగ్గా నడిమికి కోయబోతున్నాడు. కింద ఆసరా లేదు. కోత సగం దాటితే చెక్క కుంగి బ్లేడును బిగించి పట్టేస్తుంది. అప్పుడు మిషన్ వెనక్కి తన్నుతుంది. పైగా అతను దానికి సరిగ్గా వెనకే నిలబడ్డాడు. ఆగమనడానికి ఎంతసేపు? నేను అనలేదు. చెక్క పాడవ్వాలి, బాపు అతణ్ణి ఒక్కసారైనా తిట్టాలి, అది నేను చెవులారా వినాలి. నా మనసులో ఉన్నది అంతే.

మిషన్ ఎగిరొచ్చి అతని తొడను గీరింది. చాయ్ గ్లాసులు నా చేతిలోంచి జారిపోయాయి. బ్లేడుకు అడ్డంగా ఉండే గార్డు దానంతటదే మూసుకుంది కాబట్టి సరిపోయింది. దవాఖానలో ఎనిమిది కుట్లు వేశారు.

బయట బల్ల మీద అతణ్ణి కూర్చోబెట్టాక బాపు నా వైపు తిరిగాడు. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు.

"వాడు కొత్తోడు, తెల్వక చేసిండు. మిషన్ సంగతి నీకు నాకంటె ఎక్కువ ఎరుక. నువ్వెందుకు చెప్పలే బిడ్డా?"

ఆ మాట బాపు నోట వినాలని ఎన్నేళ్లు ఎదురుచూశానో. ఇన్నాళ్లూ ఆయనకు తెలుసన్నమాట. విన్నాక మాత్రం తల ఎత్తలేకపోయాను.

"ఆమె సూడలే మామా," అన్నాడు మా ఆయన. కోసేటప్పుడు నేను అతని ఎదురుగానే నిలబడ్డానని అతనికి తెలుసు.

"సూశిన బాపూ," అన్నాను. "కావాల్ననే ఊకున్న."