ఎర్రనీళ్ళకు కాపలా

మా చిన్నప్పుడు... ఎండకాలమొస్తే కృష్ణ సన్నగ ఒక్క పాయలెక్క పారేది. మిగిలిందంత ఇసుకనే. ఆ ఇసుకల బాపు దోస, కర్బూజ పెట్టేటోడు. ఇసుక తోడి చెలిమె తీసి, ఊరిన నీళ్ళు చిప్పతోని ముంచి పాదులకు పోసేటోళ్ళం. తాగనీకి గూడ గవ్వే నీళ్ళు...

మాది పాలమూరు దిక్కు, ఏటిగడ్డ మీది ఊరు. మిరుగు కార్తె దగ్గరవడితే నాకు ఇంకో పని. గడ్డ మీద కూసోని నీళ్ళ రంగు చూసుడు. పైన కర్ణాటకల వాన కొడితే, మాకు చుక్క పడకున్నా ఏరొచ్చేది. ముందుగాల నీళ్ళు ఎర్రవడేవి... నురగ, కంప కొట్టుకొచ్చేది.

"ఎర్రవడంగనే కేకెయ్యి బిడ్డా. నేను, తమ్ముడు ఏట్లనే ఉంటం" అని చెప్పి దిగేటోడు బాపు.

రెప్ప కొట్టాలంటే భయమయ్యేది... చేతిల సద్దిముద్ద ఎండిపోయేది.

ఇప్పుడు పైన డ్యాములున్నయి. గేట్లెత్తితే తేటనీళ్ళే వస్తయి... మా తమ్ముడు నర్సిములుకు అరవై దాటినయి. ఇంకా ఏటి నడిమి బండ మీదికి పోయి వల ఏస్తడు.

పోయినేడు గేట్లెత్తుతున్నమని డ్యాము సైరన్ మోగంగనే గడ్డకు ఉరికిన.

"తమ్మీ, లేసి రారా" అన్న.

"నీళ్ళు చూడక్కా, అద్దమోలె ఉన్నయి. నువ్వు మబ్బు చూసినా ఏడుస్తవు."

"సైరన్ మోగుతాంది రా."

"గది రోజూ మోగుతది. బాపు సైరన్ విని దోస పెట్టిండా?"

వాడట్ల నవ్వుతాంటెనే బండ చుట్టు నీళ్ళు తిరిగినయి. వల ఇడిసిపెట్టి బండను కరుసుకున్నడు. నేను గడ్డ మీద మన్ను కొట్టుకుంట ఏడ్చిన... పక్కూరి చేపలోళ్ళు పుట్టికి తాడు కట్టి పోయి, వాన్ని గుంజుకొచ్చిండ్రు. రెండు దినాలు మంచం దిగలేదు వాడు.

మూడోనాడు కొత్త వల అల్లవట్టె.

"ఏట్లకు పోకుంటే ఏం తింటవక్కా, నీ ఫికరు తింటవా?" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల మళ్ల పోయిండు. గడ్డ మీద కూసోనే గిది రాస్తున్న... నా కండ్లకు మనిషి మసకమసకగ కనవడుతుండు. నీళ్ళు తేటగనే ఉన్నయి. గందుకే పాణం కొట్టుకుంటాంది.

అప్పుడు ఏరు చెప్పి వచ్చేది... ఇప్పుడు చెప్తలేదు. మీ చిన్నప్పుడు మీ ఊర్లల్ల ఏరొచ్చేది ఎట్ల గుర్తువట్టేటోళ్ళు? తేటనీళ్ళల్ల గూడ ఏమన్న గురుతు ఉంటదా? తెలిసినోళ్ళు రాయుండ్రి... జర జల్ది రాయుండ్రి.