పక్క మంచం మందు

దయ్యాలన్నా పూనకాలన్నా నాకు నవ్వొచ్చేది. నాంపల్లిలో ఒక పెద్ద దవాఖానలో నర్సుగా చేరిన కొత్తలో, మార్చురీ పక్క దారిలో నడవాలంటే తోటి అమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునేవాళ్ళు. నేను ఆ వరండాలోనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేదాన్ని, అక్కడ గాలి బాగా వస్తుందని. "నిన్ను చూసి దయ్యాలే జడుసుకుంటయే" అని ఏడిపించేవాళ్ళు. ఇప్పటికీ నేను తాయెత్తు కట్టుకునే మనిషిని కాను. కింద రాసింది చదివి నన్ను భయస్తురాలి కింద జమకట్టకండి.

డెబ్భైల మొదట్లో జరిగిందిది. మా సుశీలక్క అబిడ్స్‌లో ఒక బడిలో పంతులమ్మ. ఒకరోజు పొద్దున నల్లబల్ల మీద లెక్క రాస్తూ, తల పట్టుకుని "అమ్మా" అని అక్కడే కుప్పకూలింది. బావ రిక్షాలో వేసుకుని మా దవాఖానకే తెచ్చాడు. మెడ కొయ్యలా బిగుసుకుపోయింది. వెన్నులో సూది గుచ్చి తీస్తే తేటగా రావాల్సిన నీరు నెత్తురై వచ్చింది. మెదడు చుట్టూ ఉండే పొరల్లో నరం చిట్లిందన్నమాట.

అట్లాంటివాళ్ళకు రెండో దెబ్బ మొదటిదాని కంటే భయంకరం. చిట్లిన చోట గడ్డకట్టిన నెత్తురు కరిగిందంటే మళ్ళీ కారుతుంది, అప్పుడు మనిషి దక్కడం కష్టం. మొదటి రెండు వారాలు గండం. కదలకుండా పడుకోబెట్టి కాచుకోవడం తప్ప అప్పట్లో మా చేతుల్లో పెద్దగా ఏమీ లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్ద డాక్టరుగారు ఒక పరీక్ష మొదలుపెట్టారు. ఆపరేషన్ తర్వాత నెత్తురు ఆగకపోతే ఇచ్చే పాత మందు ఒకటి మా బీరువాలో ఎప్పటినుంచో ఉంది. అది మెదడు దగ్గరి గడ్డను కూడా కరగనివ్వకుండా ఆపుతుందేమో చూద్దామని ఆయన ఆలోచన. సగం మందికి ఆ మందు, సగం మందికి అదే రంగులో అంతే తియ్యగా ఉండే ఉత్త చక్కెర నీళ్ళు. సీసాల మీద నంబర్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఏది ఏదో డాక్టరుకూ తెలియదు, నాకూ తెలియదు. ఏ నంబరు ఏదో రాసిన జాబితాను కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, వేరే ఆఫీసులో దాచారు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందని. మంచి పద్ధతే. సొంత అక్క ఆ మంచం మీదికి రానంతవరకు నేనూ ఆ మాటే అన్నాను.

బావ కాగితం మీద సంతకం పెట్టాడు. అక్కకు పన్నెండో నంబరు వచ్చింది. పక్క మంచం మీది యాదమ్మకు పదకొండు. యాదమ్మ నల్లగొండ వైపు మనిషి, చాదర్‌ఘాట్‌లో ఇల్లు కట్టే పనిలో ఇటుకలు మోస్తూ పడిపోయింది. నా వయసే ఉంటుంది. ఆమె మొగుడు మల్లయ్య పగలంతా ఆమె పాదాలు పట్టుకుని కూర్చునేవాడు. ఇద్దరికీ తెలివి లేదు. ముక్కులో వేసిన గొట్టం ద్వారా నాలుగు గంటలకోసారి మందు పోసేది నేనే.

అక్క చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం మల్లయ్య గౌలిగూడ బస్టాండుకు పోయాడు, ఊరి నుంచి వాళ్ళమ్మ వస్తుందని. వార్డంతా ఎండ వెలుతురు. నేను అక్క గొట్టంలో మందు పోస్తున్నాను. వెనకనుంచి మాట వినిపించింది.

"అవి ఒట్టి శక్కర నీళ్లు, చిన్నీ. మీ అక్కకు నాది పొయ్యి."

తిరిగి చూశాను. యాదమ్మ కళ్ళు తెరిచి నావైపే చూస్తోంది. నన్ను చిన్నీ అని పిలిచేది ఈ లోకంలో అక్క ఒక్కతే. దవాఖానలో అందరికీ నేను సిస్టర్‌నే. చేతిలో గాజు గ్లాసు జారి పగిలింది. దగ్గరికి వెళ్ళేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి. పిలిచాను, గిల్లాను. ఉలుకూ పలుకూ లేదు.

పరుగెత్తి డ్యూటీ డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళలో లైటు వేసి, అరికాలు గీసి చూశాడు.

"ఈమె మాట్లాడే హాలత్‌ల లేదు సిస్టర్. మూడు రోజులాయె మీరు సరిగ పండుకోక. ఇంటికి పోన్రి."

నేను పోలేదు. ఆ సాయంత్రం నుంచి పదకొండో నంబరు సీసా అక్కకు, పన్నెండోది యాదమ్మకు పోశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూట నా కంటికి యాదమ్మ ఆనలేదు. అక్క ఒక్కతే కనబడింది.

సీసాలు మార్చిన మూడో రోజు పొద్దున యాదమ్మ తలలో మళ్ళీ నెత్తురు కారింది. చూస్తుండగానే పోయింది. మల్లయ్య ఏడ్చి ఏడ్చి, వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"మంచిగ అర్సుకున్నవు సిస్టరమ్మా. మా కిస్మత్ గంతే" అన్నాడు.

అక్క దవాఖానకొచ్చిన పదో రోజు కళ్ళు తెరిచింది. నెల తిరక్కుండా ఇంటికెళ్ళింది, తర్వాత మళ్ళీ బడికి కూడా పోయింది.

ఏడాది దాటాక పరీక్ష ముగిసి కవరు తెరిచారు. రిజిస్టరులో ఎక్కించే పని నాకే పడింది. పదకొండో నంబరు, మందు. పన్నెండో నంబరు, చక్కెర నీళ్ళు. రెంటిలో ఏదో ఒకటి కావాల్సిందే కదా, కాకతాళీయం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మందు పడినవాళ్ళలోనూ కొందరు పోయారు, పడనివాళ్ళలోనూ కొందరు బతికారు. అది లేకనే యాదమ్మ పోయిందని ఏ డాక్టరూ చెప్పలేడు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. బావ బయటికి పోయాడు. అక్క చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"చిన్నీ, యాదమ్మది యాదమ్మకు మళ్ల ఇచ్చినవా?"

"ఏ యాదమ్మ?" అన్నాను.

"పక్క మంచం ఆమెనే. రెండు రోజుల మట్టుకే గద తీస్కొమ్మన్నది. నేను వద్దంటె ఇనలే. నీకు తెల్వదా ఏంది?"

అక్కకు తెలివి వచ్చేనాటికి యాదమ్మ బతికి లేదు. ఆమె పేరు బావ నోట విని ఉండొచ్చు. సీసాలు మార్చిన సంగతి మాత్రం నాకు తప్ప నరమానవుడికి తెలియదు.

"ఇచ్చిన అక్కా" అన్నాను.

"మంచి పని చేసినవ్" అని మళ్ళీ బియ్యంలో పడింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ ఊసు ఎత్తలేదు. అడిగే ధైర్యం నాకూ రాలేదు.

తెలివి లేని ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్క మంచాల మీద ఎట్లా మాట్లాడుకున్నారో నాకు ఈరోజుకీ అంతుచిక్కదు. దయ్యం అనుకుందామన్నా కుదరదు, అప్పటికి ఇద్దరూ బతికే ఉన్నారు. నేను చదివిన చదువులో దీనికి జవాబు లేదు.

దానికంటే నన్ను ఎక్కువగా తినేది ఇంకొకటుంది. రెండు రోజుల మట్టుకే అని ఆ మధ్యాహ్నం యాదమ్మ నాతో కూడా చెప్పి ఉంటే, మూడో రోజు ఆమె మందు ఆమెకు తిరిగి పోసేదాన్నా అని ఎన్నోసార్లు ఆలోచించాను. పోసేదాన్ని కాదు.