మంజునాథ్ ఊర్లో లేడు

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే మంజునాథ్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. కొంగు మీద నెమలి ఎటు తిరగాలో, అంచులో మామిడిపిందెలు ఎన్ని పట్టాలో అతను కంప్యూటర్లో గీసి పంపిస్తే, మగ్గం మీద అది చీరై దిగుతుంది. పని మంచిదే, పేరూ ఉంది. చిక్కల్లా ఒక్కటే, ఆ పని ఇంట్లో కూర్చుని చేస్తాడు. మా వైపు ఇంట్లో కూర్చున్న మగవాడంటే ఖాళీగా ఉన్న మగవాడని అర్థం. ఆ తీర్పును ఏ కోర్టూ కొట్టెయ్యలేదు.

"మంజూ, ఎట్లా ఖాళీగానే ఉండావు కదా, గ్యాసు బండ వస్తే దించుకో" అని వదిన పవిత్ర పొద్దున్నే పురమాయించేది. అది మొదలు. పెనుకొండలో ఎవరిదో స్థలం రిజిస్ట్రేషనుకు సాక్షి కావాలంటే మంజునాథ్. హిందూపురంలో ఎవరికో పెళ్లిచూపులంటే కార్లో సీటు నిండడానికి మంజునాథ్. అక్కడ పిల్ల తండ్రి మర్యాదకు "నువ్వేం చేస్తాంటావప్పా?" అని అడిగితే, అతను నోరు తెరిచేలోపే పక్కవాళ్లు "ఈయప్ప ఖాళీ" అని జవాబు చెప్పేసేవాళ్లు. ఒళ్లు మండేది, కానీ ఎంతమందితో కొట్లాడతాడు?

మూడేళ్ల కిందట స్నేహితులు అతన్ని నాలుగు రోజుల థాయ్‌లాండ్ టూరుకు లాక్కుపోయారు. చియాంగ్ మై అనే ఊళ్లో వాళ్లంతా ఏనుగుల్ని చూడ్డానికి వెళితే, కడుపు బాగోలేక ఇతనొక్కడే హోటల్ గదిలో ఉండిపోయాడు. ఏమీ తోచక ల్యాప్‌టాప్ తెరిచాడు. నలభై రోజులుగా కదలని పెళ్లిచీర కొంగు ఆ పూటే పూర్తయింది. ఎవరూ తలుపు తట్టలేదు. గ్యాసు బండ రాలేదు. మంజునాథ్‌కు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

ఇంక ఆగుతాడా? టూరిస్టునని చెప్పుకుని మళ్లీ మళ్లీ పోయాడు. ఆరోసారి విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే అధికారిణి పేజీలన్నీ తిరగేసి, మా దేశంలో నువ్వు చూసినవాటిలో నీకు బాగా నచ్చిందేమిటి అని అడిగింది. మంజునాథ్ తీవ్రంగా ఆలోచించాడు. హోటల్ గది, దాని కిందున్న నూడుల్స్ బండి తప్ప అతను ఆ దేశంలో ఏమీ చూడలేదు. "నూడుల్స్ బండి" అన్నాడు నిజాయితీగా. ఆమె నవ్వలేదు. అతని భుజానికున్న ల్యాప్‌టాప్ సంచి వంక చూసి, ఈసారికి వదిలేస్తున్నాను, ఇంకోసారి టూరిస్టునని వస్తే వచ్చిన విమానంలోనే తిప్పి పంపిస్తాం, దూరం నుంచి పని చేసుకునేవాళ్లకు వేరే వీసా ఉంది, అది తెచ్చుకో అంది.

అదే డిజిటల్ నొమాడ్ వీసా. అది చేతికొస్తే, పోయిన ప్రతిసారీ ఆర్నెల్లు ఉండొచ్చు. మిగతా కాగితాలన్నీ ఉన్నాయి. కావలసిందల్లా, ఇతను మనిషి కనపడకుండా దూరం నుంచే పనిచేస్తాడని పనిచ్చేవాళ్లు రాసిచ్చే ఉత్తరం. అది దొరికిందా చియాంగ్ మై, లేకపోతే గ్యాసు బండ.

పనిచ్చే ఆసామి నాగన్న. అరవై దాటిన మనిషి, ఇరవై మగ్గాలు నడుపుతాడు. మంజునాథ్ ఆయన్ని మామా అంటాడు. రోజూ పదకొండు గంటలకు ఇద్దరూ కలిసి కాఫీ తాగకపోతే ఇద్దరికీ తలనొప్పే. డిజైన్లు తప్ప వేరే పని పురమాయించని మనిషి ఆ ఊళ్లో ఆయనొక్కడే. అడగ్గానే ఉత్తరం స్వయంగా రాసిచ్చాడు. అయితే ఒక మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే మావాళ్లకు తెలిసిన పద్ధతి ఒక్కటే, పెళ్లికొడుకు గురించి ఆరా తీస్తే చెప్పే పద్ధతి.

"చిరంజీవి మంజునాథ్ నా కళ్ల ముందర పెరిగినాడు. కాఫీ తప్ప వేరే అలవాటు లేదు. దినామూ మా ఇంటికి వస్తాడు. పిలిస్తే పలికేంత దగ్గరలో ఉంటాడు. ఊరు విడిచిపోయే మనిషి కాదు."

మొదటి వాక్యానికే కళ్లు చెమర్చి మంజునాథ్ మిగతాది చదవలేదు. టైపింగ్ అంగడిలో ఇంగ్లీషులోకి మార్పించి, అలాగే పంపేశాడు.

పది రోజులకు వీసా ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. దరఖాస్తుదారు రోజూ పనిచోటికి వస్తాడనీ, ఊరు విడిచిపోడనీ మీ ఉత్తరంలోనే ఉంది, నాగన్న గారికి ఫోన్ చేసి కనుక్కుంటాం అని. మంజునాథ్ పరుగెత్తాడు.

"మామా, ఎంత పని చేస్తివి! నేను దూరంగా ఉంటానని కదా నువ్వు రాయాల్సింది?"

"దూరమోడివని నా చేత్తో ఎట్ల రాసేదిరా?" నాగన్న నిజంగానే నొచ్చుకున్నాడు. "నలుగురూ చూస్తే మనకూ మనకూ చెడిందనుకోరా?"

"ఫోనొచ్చినప్పుడన్నా చెప్పు మామా, నీ కాళ్లు పట్టుకుంటా."

"నా నోటెంట ఆ మాట రాదు పో."

మర్నాడు పదకొండు గంటలకు ఇద్దరూ కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. నాగన్న ఫోన్ మోగింది. ఎవరిదో కొత్త నంబరు. ఆయన స్పీకర్ నొక్కాడు. బిగుసుకుపోయిన ఆడగొంతు, "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామండీ, మంజునాథ్ అనే ఆయన గురించి. ఆయన ఇప్పుడు మీ దగ్గరున్నారా?" అంది.

ఆఫీసు అన్న మాట వినగానే నాగన్న కళ్లు చిన్నవయ్యాయి. ఏ ఆఫీసు అని ఆయన అడగలేదు; వీసావాళ్లయితే ఇంగ్లీషులో మాట్లాడతారని, ఇది అప్పులవాళ్ల ఆఫీసని ఆయన లెక్క. ఆఫీసోళ్లు మనవాడి కోసం అడిగితే ఏం చెప్పాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఆయప్పా? ఊర్లో లేడు" అన్నాడు, ఎదురుగా ఉన్న మంజునాథ్‌ను నోరు మూసుకొమ్మని సైగ చేస్తూ.

"రోజూ మీ ఇంటికి వస్తారని మా కాగితాల్లో ఉందే?"

"కాగితాల్లో ఏమన్నా ఉంటాదమ్మా, దానికేం! ఆయప్ప మొగం చూసి ఆర్నెల్లయింది."

"మరి మీ పని ఎలా చేస్తారు?"

"యాడుంటాడో ఏమో, ఫోన్లో పంపిస్తాడు. మేము నేసుకుంటాండాం. మీకేమన్నా కనపడితే చెప్పండి, ఆ కొంగు బిన్నా పంపమని, మగ్గం ఆగిపోయి ఉండాదని."

అవతల థాంక్యూ అన్నారు. మంజునాథ్‌కు కాఫీ గొంతులో అడ్డం పడింది. నాగన్న అతని వీపు మీద చరుస్తూ, "చూసినావా ఎట్ల తప్పించినానో! ఎవరో నీ కోసం తిరుగుతాండారు. నాలుగు దినాలు బయటికి రాకు" అన్నాడు. దగ్గు తగ్గాక, నవ్వు కూడా తగ్గాక, మంజునాథ్ విషయం చెప్పాడు. నాగన్న నవ్వలేదు. తాగిన గ్లాసు కింద పెట్టి, "అయితే నా మాట వాళ్లు రాసుకునింటారా?" అని అడిగాడు.

మరుసటి వారం వీసా వచ్చింది. పదకొండు గంటలకు ఫోన్లో అది చూపిద్దామని ఉషారుగా పోయిన మంజునాథ్‌కు, గడప దగ్గర చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డ నాగన్న కనిపించాడు.

"యాడికొస్తాండావు?"

"కాఫీకి మామా."

"ఆర్నెల్లుగా నీ మొగం చూడలేదని చెప్పినా. నా వయసులో నన్ను అబద్ధాలోణ్ణి చేస్తావా? పో. ఆర్నెల్లు నా కంట్లో పడొద్దు."

ఎవరూ పిలవని చోటు కోసం ఇన్నేళ్లు తిరిగిన మంజునాథ్‌కు, పో అన్న మాట ఇంతగా గుచ్చుకుంటుందని తెలియదు.

"ఒక్క కాఫీ తాగి పోతా మామా."

నాగన్న లోపలికి పోయి వచ్చి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, గ్లాసును ముందుకు చాపాడు.