అడాప్టరుకు విసిరిన వేసవి

కొత్త ప్లాస్టిక్ వాసన నాకు పడదు. మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకు, పాతకాలపు వీడియో గేమునే మళ్ళీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్న పెట్టె ఒకటి ఇంటికొచ్చింది. అట్ట విప్పగానే ఆ వాసన గుప్పుమంది. "నీ చిన్నప్పటివేనట కదమ్మా, ఏ ఆటలు మంచివో చెప్పు" అంది పిల్ల. చెప్పకేం! ఇటుకల గూడును కాపాడుకునే ట్యాంకుల ఆటతో మొదలుపెట్టాలి. ఇద్దరు సిపాయిలు అడవిలో కాల్చుకుంటూ పోయే ఆటకు తోడు కావాలి. తుపాకీతో బాతుల్ని కొట్టేది చుట్టాలొచ్చినప్పుడు పెట్టాలి. ఏ మలుపులో శత్రువు నక్కి ఉంటాడో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆడటం మాత్రం ఒక్కటీ ఆడలేదు.

అవి మాదాపూర్‌లో గుట్టల్ని పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. మధ్యాహ్నం ఈల వేసి ఎర్రజెండా ఊపగానే అందరూ ఇళ్ళల్లోకి దూరేవాళ్ళు, ఢామ్మని పేలగానే వంటింట్లో గిన్నెలు కదిలేవి, పచ్చిమామిడి ముక్కల మీద చల్లుకున్న ఉప్పుకారంలో కూడా రాతిదుమ్ము కరకరలాడేది. మా మేనత్త వాళ్ళు చెలక పొలం అమ్మి డాబా కట్టి, కలర్ టీవీ, ఫ్రిజ్, కొడుకు శేఖర్ బావకు ఈ గేము కొన్నారు. మా నాన్న తన వాటా ఎప్పుడో తాగేసి పోయాడు కనుక అమ్మా నేనూ ఆ డాబా వెనక రేకుల గదిలో ఉండేవాళ్ళం, అమ్మ వాళ్ళ అంట్లు తోమేది. అత్త సర్వపిండి చేస్తే మాకు మాడిన అంచులు వచ్చేవి, అవీ మిగిలితేనే.

ఆ గేముకు కరెంటిచ్చే నల్లటి అడాప్టరు కాసేపటికే పెనంలా కాలేది, కాలితే ఆట ఆగిపోయేది. అందుకని దాని పక్కన ఒకరు కూర్చుని అట్టముక్కతో విసురుతూ ఉండాలని బావ కనిపెట్టాడు, ఆ ఒకరు నేనే. "ఇసురే, ఆఖరి ఆట నీదే" అనేవాడు. వేసవి సెలవులంతా వాడూ వాడి దోస్తులూ ముంజలు జుర్రుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటూ ఆడేవాళ్ళు. నేను చేతులు మార్చుకుంటూ విసిరేదాన్ని. ఆఖరి ఆట వచ్చేసరికి కరెంటన్నా పోయేది, అత్తన్నా సీరియల్ పెట్టుకునేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ మీటలు నా వేళ్ళకింద నొక్కుకోవాలని ఎంత ఏడ్చేదాన్నో!

ఒకరోజు సిపాయిల ఆటలో బావ చివరి మజిలీ దాకా వచ్చాడు. నా విసురు చాలడం లేదని, "తడిగుడ్డ కప్పవే, జల్ది సల్లగైతది. ఇది గెలిస్తె ఇగ నీకే ఇస్త, ఒట్టు" అన్నాడు. ఆ ఒట్టు విని పరిగెత్తి గుడ్డ తడిపి తెచ్చి, చేత్తో అదిమి పెట్టాను. కరెంటు కొట్టి ఒళ్ళంతా ఝల్లుమంది. గోడకు తగిలి పడ్డాను, అరచేయి కమిలిపోయింది. దోస్తులు పడీపడీ నవ్వారు. అత్త పరుగున వచ్చింది. "అయ్యో, పెట్టె కాలిందారా?" అంది.

పెట్టె కాలలేదు. బూడిద చేతులతో వచ్చిన అమ్మ నన్ను లేపి రెండు చెంపలూ వాయించింది. "ఎవలు ముట్టుమన్నరే నిన్ను? ఎల్లగొడ్తె ఎక్కడుంటం?" అని ఏడ్చింది. మర్నాడు చేతికి కట్టుతోనే వెళ్ళి ఎడమచేత్తో విసిరాను. వెళ్ళకపోతే అత్తకు కోపమొస్తుందని అమ్మే పంపింది.

ఇప్పుడు ఆ గుట్టా లేదు, డాబా లేదు. చెలక తెచ్చిన సిరి అంతా బావ హారతి కర్పూరం చేశాడు, అత్త కిరాయింట్లోనే పోయింది. బావ మియాపూర్‌లో ఉంటూ క్యాబ్ నడుపుతున్నాడు. పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి, పెట్టె చూసి మురిసిపోయి ఆడటానికి కూర్చున్నాడు. వేళ్ళు ఏదీ మర్చిపోలేదు, సిపాయిల ఆటలో చివరి మజిలీకి చేరాడు. "పెద్దనాన్నా, అమ్మ ఏ ఆట బాగా ఆడేది?" అని మా అమ్మాయి అడిగింది.

"మీ అమ్మకు ఆడుడు ఇష్టం లేకుండె బిడ్డా. ఊకె పక్కన కూసోని చూస్తుండె" అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

నా ఒళ్ళు భగ్గుమంది. చివరి శత్రువు ఇంకొక్క దెబ్బకు పడతాడనగా వెళ్ళి స్విచ్ ఆపేశాను.

"ఏందే గిది, గెలుస్తుంటి కదనే!" అన్నాడు.

"అన్నం సల్లగైతంది, లే బావా" అన్నాను. అంత మనిషి ముఖం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది. తనివితీరా చూశాను.