ఎడమ పిడికి కట్టిన గుడ్డ

నా చేతులే నాకు బువ్వ పెడతాయి. కోరుట్లలో మాకు చిన్న కట్టెల అడితి ఉంది. పొద్దంతా మొద్దులు అందిస్తాను, కాస్త సందు దొరికితే చాట ముందేసుకుని బీడీలు చుడతాను. ఆకు కత్తిరించడానికి, దారం చుట్టడానికి, మూతి ముడవడానికి వేళ్ళన్నీ కావాలి. ఒక్కటి పోయినా ఇల్లు నడవదు.

మా ఆయన గల్ఫ్ నుంచి నడుము పాడుచేసుకుని వచ్చాడు. గొడ్డలి ఎత్తితే కుయ్యోమంటాడు. అందుకే, కట్టెలు చీల్చే హైడ్రాలిక్ మిషన్ ఒకటి సిరిసిల్లలో అమ్మకానికి ఉందని తెలియగానే ఇద్దరం పోయాం. నూలుకు గంజి పట్టించే షెడ్డు అది, గంజి కాచే పొయ్యికి అక్కడే కట్టెలు చీల్చేవాళ్ళట. మూతపడి చాలా రోజులైనట్టుంది, లోపలంతా బూజు. ఒక మూల నిలబడి ఉంది మిషన్. పైనుంచి దిగే ఇనుప గొడ్డలి, అటొకటి ఇటొకటి రెండు పిడులు. ఎడమ పిడిని కిందికి వంచి గుడ్డతో బిగించి కట్టారు. ఆ గుడ్డ ముదురు ఎరుపు, ఎండిన కుంకుమలా బిరుసెక్కి ఉంది. మా ఆయన కుడి పిడి నొక్కితే చాలు, గొడ్డలి దిగి తుమ్మ మొద్దును రొట్టె తుంచినట్టు తుంచింది.

"ఒక్క చేత్తోనే నడుస్తదే! రెండో చెయ్యి ఖాళీ," అని మురిసిపోయాడు.

అమ్మే ఆవిడ నా ఈడుదే. కుడి చెయ్యి కొంగులో దాచుకుని గుమ్మంలోనే నిలబడింది, షెడ్డులోకి అడుగు పెట్టలేదు. చాయ్ గ్లాసు మాత్రం ఎడమ చేత్తో చాపింది నాకు! ఒళ్ళు మండింది. ఇంటికొచ్చిన మనిషికి ఎడమ చేత్తో ఇస్తారా ఎవరైనా? గ్లాసు అందుకుని, తాగకుండా అరుగు మీద పెట్టేశాను. మిషన్ ట్రాలీ ఎక్కాక ఆమె "సూస్కోని వాడుకోండ్రి అక్కా" అని ఒక్క మాట అంది. ట్రాలీ మలుపు తిరగకముందే తలుపు వేసుకుంది.

ఇంటికి తేగానే మా అత్త ఆ గుడ్డ చూసి దండం పెట్టింది. "ఎవలో అమ్మవారికి మొక్కి కట్టిన ముడుపిది. ఇప్పకుండ్రి, పాపం తగుల్తది." మేం ఇప్పలేదు. ప్రతి శుక్రవారం దానికి పసుపు కుంకుమ అద్దాను నేనే. దసరాకు కొబ్బరికాయ కూడా కొట్టాం.

కొన్నాళ్ళకు ఒకటి గమనించాను. సాయంత్రం గొడ్డలిని పైదాకా ఎత్తి మోటారు బంద్ చేసి వస్తామా, పొద్దున చీపురు పట్టుకుని పోతే అది కిందికి దిగి ఉండేది. ఒకసారి నేను ఊడుస్తుండగానే దిగింది. కరెంటు లేదు, ఎవరూ ముట్టలేదు. ఉస్సుమని, ఎవరో ఊపిరి వదిలినట్టు చప్పుడు. చీపురు అక్కడే పడేసి ఉరికాను. మా పిల్లి మాత్రం రోజూ ఆ మిషన్ దగ్గరికి పోయేది. గుడ్డను వాసన చూసి, నాకి, నా వైపు చూసేది.

"అమ్మ దిగుతున్నదే," అంది అత్త.

"అమ్మ గాదు, ఏం గాదు. ఆయిల్ సీలు వోయింది," అని మా ఆయన నవ్వాడు. జగిత్యాల పోయి సీళ్ళు తెచ్చి వేయించాడు, ఆయిల్ మార్చాడు, గొట్టాలు బిగించాడు. జారడం ఆగిపోయింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా పక్కనున్న ఇబ్రహీంపట్నం నుంచి కట్టెలకు పెద్ద బేరం వచ్చింది. మధ్యాహ్నం, ఒక మొద్దును సగం చీల్చి గొడ్డలి పైకి లేవగానే కరెంటు పోయింది. మా ఆయన మోటారు స్విచ్చి ఆపకుండానే నీళ్ళు తాగడానికి పోయాడు. గొడ్డలి పైనే ఆగి ఉంది, మొద్దు మాత్రం కింద ఇరుక్కునే ఉంది. దాన్ని లాగుదామని నేను లోపలికి చెయ్యి పెట్టాను. పక్కన నిలబెట్టిన దుంగ ఒకటి ఒరిగి కుడి పిడి మీద పడింది. అదే క్షణాన కరెంటు వచ్చింది.

గాజులు పగిలిన చప్పుడు విన్నాను. చెయ్యి ఎట్లా లాక్కున్నానో నాకే తెలియదు. మణికట్టు గీరుకుపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాను, అన్నీ కదిలాయి. గొడ్డలి నా గాజు ముక్కల మీద కూర్చుని ఉంది. "నీ మిషన్ మన్నువడ!" అని మా ఆయన మీద అరుస్తూనే ఏడ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇంత పూజ చేసినా ఎందుకిట్లా? పూజలో ఏం తప్పు జరిగిందోనని భయం పట్టుకుంది. సిరిసిల్ల ఆవిడకు ఫోన్ చేశాను. "అమ్మా, ఆ ముడుపు ఏ దేవునిది?"

"ఏం ముడుపు?"

"ఎడమ పిడికి కట్టిన ఎర్ర గుడ్డ."

"గది ఇంక ఇప్పలేదా అక్కా? ముడుపు గాదు, నా పాత చీర కొంగు. రెండు పిడులు రెండు చేతుల్తోని పడ్తెనే దిగాలె గా గొడ్డలి. ఏదన్న తాకి ఒక్క పిడి నొక్కుకపోయినా చెయ్యి పోవద్దని గట్ల వెట్టిండ్రు. రెండు చేతులు పట్టుడు మా ఆయనకు యాష్టకచ్చింది, నా కొంగు చింపి ఒకటి కట్టేసిండు. కట్టెలందిచ్చుకుంట నేనే ఉంటి. గా దినం నుంచి దాన్ని ఎవ్వలం ముట్టలే."

ఆమె మళ్ళీ అంది, మెల్లగా. "నువ్వు చాయ్ తాగకుంట వెట్టినవ్, నేను చూసిన. కుడి చెయ్యే ఉంటే నీకు గట్ల ఇత్తునా అక్కా?"

ఫోన్ పెట్టేసి షెడ్డులోకి పోయాను. అత్త వద్దు వద్దంటున్నా ముడి విప్పాను. పిడి టక్కుమని పైకి లేచింది. గుడ్డ లోపలి మడత ఒక్కటి శుభ్రంగా ఉంది.

అది ఆకుపచ్చ చీర. మేం కొన్ననాటికే ఎర్రగా ఉంది.