చెప్పలేదన్న మాట

మా వదినకు నేను పెట్టిన పేరు ‘ఎక్కడమ్మ’. అత్యవసర ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. ఇంటికొచ్చాక కూడా ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ఆమె నోరు వదిలేది కాదు. దారిలో ఉన్నానంటే, “ఆ దారికి పేరు లేదా?” అనేది. మా అన్నయ్య స్నానాల గదిలోంచి తువ్వాలు అడిగినా, “ఎక్కడున్నారు?” అని అరిచేది. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.

ఒక మధ్యాహ్నం వచ్చిన ఫోన్లో మాట లేదు. ఎగశ్వాస మాత్రం వినిపించింది. ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టుకునే ఒకావిడ అని తర్వాత తెలిసింది. ఆవిడ ఉన్నచోటు ఇదీ అని వదిన ముందున్న తెర మీద ఫోన్ కంపెనీ పంపిన గుర్తు ఒక పెద్ద సున్నా. ఆ సున్నాలో మూడు ఎత్తైన భవనాలు. అంబులెన్సు వాళ్లు రెండింటి మెట్లు ఎక్కి దిగి, మూడో దాంట్లో తలుపు పగలగొట్టేసరికి కుట్టుమిషను పక్కన ఆవిడ ప్రాణం పోయి ఉంది. అప్పటిదాకా వదిన “నేనున్నానమ్మా, ఫోను పెట్టేయకండి” అంటూనే ఉందట.

దానికి కంపెనీ ఇచ్చిన సంజాయిషీ ఒక్క ముక్క: ఆవిడ చిరునామా చెప్పలేదు.

ఒళ్లు మండదూ మరి! పోయినవాళ్ల మీద నెపం వేయడం ఎంత తేలికో, తిరిగి నోరెత్తరు కదా.

అత్యవసర ఫోన్ వస్తే మనిషి ఏ భవనంలో, ఏ అంతస్తులో ఉన్నాడో కంపెనీలే పంపాలని ప్రభుత్వం అప్పుడే కొత్త నిబంధన తెస్తోంది. కంపెనీలు వాయిదా అడిగాయి. దాని మీద బహిరంగ విచారణ పెట్టారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. వదిన వెళ్తానంది. “వెళ్తే మళ్లీ ఈ కుర్చీలో కూర్చోవు” అని ఆమె పై అధికారి బెదిరించాడు. అన్నయ్య కూడా గొణిగాడు, “ఊరందరి గొడవా నీకే కావాలా?”

“ఆ ఊపిరి విన్నది ఊరు కాదండీ, నేను.”

తోడుగా నేనూ వెళ్లాను. కంపెనీ పెద్దమనిషి మైకు ముందు తాపీగా మొదలుపెట్టాడు. “పాపం, ఆవిడ చెప్పలేదండీ. చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?”

వదిన లేచింది. “చెప్పుల షాపు ముందు నుంచి నడిస్తే చాలు, లోపల ధర తగ్గించారని మీ దగ్గర్నుంచి మెసేజ్ వస్తుంది. నేనక్కడున్నానని అప్పుడు మీకెవరు చెప్పారు సార్?”

హాలంతా గొల్లున నవ్వింది. విచారణాధికారి బల్ల మీద కొట్టి, “కూర్చోండమ్మా” అన్నారు.

“ఆ మాట కొట్టేయించండి, కూర్చుంటాను. ఆవిడ చెప్పింది. ఫోన్ చేయడమంటే చెప్పడమేనండీ. వినాల్సినవాళ్లకే చెవులు లేవు.”

ఆమె నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ గర్వంగా అనిపించింది. విచారణాధికారి పక్కనున్నవాళ్లతో కాసేపు గుసగుసలాడాక, ‘చెప్పలేదు’ అన్న మాటను రికార్డులోంచి కొట్టేయించారు. వాయిదా కూడా కుదరదన్నారు. అప్పుడు కూర్చుంది వదిన.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే పై అధికారి ఫోను. ఆయన కేకలు పక్కనున్న నాక్కూడా వినపడ్డాయి. “ఎక్కడున్నావమ్మా? ఎవర్నడిగి వెళ్లావ్?”

“మీ తెర మీద చూసుకోండి సార్,” అంది వదిన. “కనబడకపోతే, ఆవిడ చెప్పలేదని రాసేసుకోండి.”