గోడలు నోరు మూసుకున్నయ్

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మియాపూర్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. హైటెక్ సిటీకి వెళ్లే మా బస్సు ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న హౌస్‌కీపింగ్ యూనిఫాం ఆమె దిగి, నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను.

"తమ్మీ, జర బువ్వ పెట్టు. తిని గోలీ ఏస్కోవాలె."

"ఏం గోలీ అక్కా?" అన్నాడు వడ్డించేవాడు.

"దిమాక్‌ది. డబల్ డ్యూటీలు చేసి నిద్ర లేక, గోడలు మాట్లాడినట్టు ఇనబడ్డది. డాక్టర్ ఈ గోలీలిచ్చిండు. గిప్పుడు నిద్ర వడ్తున్నది, గోడలు నోరు మూసుకున్నయ్."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మూడు దినాలు కన్ను మూయకుండ ఉండు బిడ్డా, అప్పుడు నవ్వు!" అని, బువ్వ తిన్నాక అందరి ముందే మాత్ర మింగింది.

అలాంటి మాత్రలనే నేను విటమిన్ డబ్బాలో దాచుకుని ఆఫీసుకు తీసుకెళ్లేవాణ్ణి. మర్నాటి నుంచి అవి నా టేబుల్ మీదే ఉన్నాయి, మందు పేరు పైకి కనిపించేలా.